నరసాపురం లేసు: అల్లిక భేష్, కూలి లెక్క ఎక్కడ?

క్రిస్మస్‌కో ఈస్టరుకో ముందు చర్చిల్లో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం ఉంచే బల్ల) మీది గుడ్డ మారుస్తారు. స్త్రీల సమాజం చందా పోగుచేస్తుంది, ఎవరో ఒకరు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో చేత్తో అల్లే లేసు తెప్పిద్దామంటారు. తెప్పించాక అందరూ చూసేది అంచు అందం, తెలుపు, ధర. ఈ సమీక్షలో ఆ మూడింటితో పాటు నాలుగోది కూడా ఉంది: ఆ గుడ్డ అల్లిన చేతికి ఎంత ముట్టింది? లేసు పుట్టుకలోనే క్రైస్తవ మిషన్ చెయ్యి ఉంది కాబట్టి, దాన్ని క్రైస్తవ కొలతతో కొలవడం అన్యాయమేమీ కాదు.

ముందే తీర్పు చెప్పేస్తాం. వస్తువుగా చూస్తే నరసాపురం లేసు పెట్టిన డబ్బుకు మించిన సరుకు. మంచి ముక్క చేతికొస్తే పదిహేనేళ్లు పనిచేస్తుంది. పేచీ అంతా కూలి దగ్గరే. ధర చీటీ మీద ఎన్ని అంగుళాలో, ఏ రంగో, ఎంత రేటో ఉంటుంది. ఎన్ని గంటలు పట్టిందో ఉండదు. కాబట్టి ఆ లెక్క కొనేవాళ్లే కట్టుకోవాలి. అంత కష్టమేమీ కాదు, కింద చూపిస్తాం.

1844లో స్కాట్లండ్ మిషనరీలైన మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారని ఈ పరిశ్రమ తన చరిత్ర చెప్పుకుంటుంది. మొదట నేర్చుకున్నవాళ్లు కొత్తగా క్రైస్తవం తీసుకున్న పేద కుటుంబాల స్త్రీలు, ఎక్కువగా మాలలు. సూది, దారం, రెండు చేతులు ఉంటే నాలుగు డబ్బులు వచ్చే పని. ఉద్దేశం మంచిదే, ఉపకారమే. చిక్కు కూడా అక్కడే మొదలైంది. ఉపకారంగా ఇచ్చిన పనికి కూలి అడగడం కృతఘ్నతలా కనిపిస్తుంది. తర్వాతి కాలంలో ఈ పని కాపు ఇళ్లలోకి, బయటికి వెళ్లని గోషా ఆడవాళ్ల చేతుల్లోకి విస్తరించింది. అప్పుడు ఇంకో మాట పుట్టింది: "ఇంటిపట్టున కూర్చుని తీరిక వేళల్లో చేసేదేగా." దయ అనే మాట ఒకవైపు, తీరిక అనే మాట ఇంకోవైపు కూలిని కిందికి నొక్కేశాయి.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఉండి ఈ పనిని పరిశీలించారు. ఆమె పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే మనిషికి అప్పట్లో రూపాయి కూడా గిట్టేది కాదని ఆమె తేల్చారు. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీకి అంతకన్నా ఎక్కువ వచ్చేది. గడప దాటని పరువుకు కట్టిన ఖరీదు అదన్నమాట. అల్లేవాళ్లను కార్మికులుగా కాక గృహిణులుగా లెక్కగట్టడం వల్లే ఇది సాగిందన్నది ఆమె వాదన. ఆ రేట్లు ఇప్పుడు లేవు. తీరిక వేళ పని అన్న మాట మాత్రం అలాగే ఉంది.

ఇక వస్తువు సంగతి. చేతిలోకి తీసుకోగానే మొదట తేల్చుకోవాల్సింది అది అసలు క్రోషేనా, యంత్రం మీద చేసిన మిషన్ లేసా అన్నది. కొక్కెం సూదితో ఒక్కో ముడిలోంచి దారం లాగి అల్లే క్రోషే పనిని అచ్చంగా చేసే యంత్రం ఇంతవరకూ లేదు. బజారులో "క్రోషే లేసు" పేరుతో చవగ్గా చుట్టల్లో దొరికే సరుకు వార్ప్ నిట్టింగ్ మిషన్ (ఒకేసారి చాలా దారాలతో అల్లే యంత్రం) మీద వచ్చేది, లేదా కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చేసి ఆ గుడ్డను కరిగించేసినది. గుర్తుపట్టడం సులువు. చివరి ముడి ఎక్కడుందో వెతికి, దాన్ని సూదితో కాస్త వదులు చేసి దారం లాగండి. క్రోషే అయితే ఒకే దారం వెనక్కి వరసగా ఊడివస్తుంది. మిషన్‌దైతే బిగుసుకుపోతుంది, లేదా రెండు మూడు దారాలు ఒకేసారి చిక్కుపడతాయి. కరిగించిన రకానికి అంచుల్లో సన్నని నూగు కనిపిస్తుంది. ఇంకో గుర్తు: పక్కపక్క పువ్వులను భూతద్దంలో చూస్తే చేతిపనిలో ఒక రేక వెంట్రుకవాసి పెద్దగా ఉంటుంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే అనుమానించాలి.

ఈ పరీక్షకు నాణ్యతను మించిన ప్రయోజనం ఇంకోటి ఉంది. ముక్క నిజంగా క్రోషే అని తేలిందంటే, దాంట్లో ప్రతి ముడి వెనకా ఒక మనిషి చెయ్యి ఉందని తేలిపోయినట్టే. మిషన్ పెట్టి ఖర్చు తగ్గించాం అనడానికి లేదు. దారం ధర అందరికీ ఇంచుమించు ఒకటే. కాబట్టి క్రోషే లేసు మరీ చవగ్గా వస్తోందంటే తగ్గింది కూలే, వేరే దారి లేదు.

నాణ్యతలో తేడా వచ్చేది మూడు చోట్ల. మొదటిది పువ్వు నడుమ. ప్రతి పువ్వూ మధ్యలో చిన్న చుట్టుతో మొదలవుతుంది. అక్కడ మిగిలిన దారం కొసను రెండంగుళాలైనా ముడుల్లోకి దోపి, ఒకసారి వెనక్కి తిప్పి మళ్లీ దోపాలి. పని తొందరలో అర అంగుళం దోపి కత్తిరించేస్తే మూడో ఉతుకుకే నడుమ చిల్లు పడుతుంది. చిటికెన వేలి గోరుతో నడుమ చుట్టును మెల్లిగా విప్పబోతే తెలిసిపోతుంది. కదలకపోతే మంచి పని. రెండోది అతుకు. నరసాపురం పనిలో పువ్వులు ఒకరు అల్లితే వాటిని కలిపే అతుకుపని ఇంకొకరు చెయ్యడం మామూలు. పువ్వు చివరి వరస అల్లేటప్పుడే పక్క పువ్వుకు కలుపుకుంటూ పోయిన అతుకు సాగినా తట్టుకుంటుంది. తర్వాత మామూలు సూదితో కుట్టిన అతుకు ముందుగా తెగుతుంది. బల్లగుడ్డ లాంటి బరువు పడే వాటికి రెండో రకం పనికిరాదు. మూడోది బిగువు. నలుగురైదుగురు అల్లిన పువ్వులు ఒకే గుడ్డలో చేరితే ఒకరిది బిగువు, ఒకరిది వదులు. గుడ్డ నేల మీద పరిస్తే మధ్యలో గిన్నెలా లేస్తుంది. ఇస్త్రీతో అణుగుతుంది గానీ ఉతికితే మళ్లీ లేస్తుంది. పరచి చూడకుండా కొనొద్దు.

దారం విషయంలో 20 నంబరు మెర్సరైజ్డ్ నూలు (మెరుపు కోసం రసాయనంతో శుద్ధిచేసినది) సాధారణ వాడకానికి చాలు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం, పని ఆలస్యం. 40 నంబరుతో చేసిన డాయిలీ (గిన్నె, కూజా కింద వేసే చిన్న లేసు ముక్క) చూడ్డానికి సాలెగూడులా ముచ్చటగా ఉంటుంది, కానీ అదే కొలతకు గంటలు చాలా ఎక్కువ. ఆ తేడా ధరలో కనిపించకపోతే సన్నదనానికి డబ్బు కట్టింది అల్లిన మనిషే.

ఇప్పుడు లెక్క. పన్నెండు అంగుళాల వెడల్పు, నలభై ఎనిమిది అంగుళాల పొడవున్న రన్నర్ (బల్ల నడుమ పరిచే సన్నని గుడ్డ) తీసుకుందాం. నాలుగంగుళాల చదరపు ముక్కలైతే అడ్డంగా మూడు, నిలువుగా పన్నెండు, మొత్తం 36. చెయ్యి తిరిగిన మనిషికి 20 నంబరు దారంతో ఒక్కో ముక్కకు అరగంట అనుకుందాం, అంటే 18 గంటలు. అతుకు, చుట్టూ అంచు, కొసలు దోపడం కలిపి ఇంకో ఆరు. మొత్తం 24 గంటలు, ఎనిమిది గంటల పనిదినాలు మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి పనికి ప్రభుత్వం కట్టిన ఆ రేటునే కింది గీతగా పెట్టుకున్నా ఈ రన్నర్‌లో కూలే 921 రూపాయలు. దారం, రవాణా, ఏజెంటు కమీషను, దుకాణం లాభం దీనిపైన. ఇలాంటి రన్నర్ ఆన్‌లైన్‌లో ఆరువందలకు కనిపిస్తే, మిగతావాళ్లందరూ తమ వాటా తీసుకున్నాక అల్లిన మనిషికి మిగిలేది ఎంతో ఎవరైనా వేసుకోవచ్చు. నైపుణ్యానికి మనం ఇంకా పైసా కూడా కట్టలేదని గుర్తుంచుకోవాలి.

అరగంట అన్నది నమ్మాల్సిన పనిలేదు. చర్చిలో లేసు అల్లడం వచ్చినావిడ ఒక్కరైనా ఉంటారు. నమూనా ముక్క ఆమె చేతికిచ్చి గడియారం పెట్టండి. ఒక్కటి కాదు, వరసగా నాలుగు చేయించండి, ఎందుకంటే మొదటిది ఎప్పుడూ ఆలస్యం, మూడోదాన్నుంచి అసలు వేగం తెలుస్తుంది. వచ్చిన సగటును ముక్కల సంఖ్యతో గుణించి, దాంట్లో మూడోవంతు అతుకుకూ అంచుకూ కలపండి. దుకాణదారుతో మాట్లాడ్డానికి ఆ అంకె చాలు.

కూలి ఎంత అన్నదాంతో పాటు ఎలా కొలుస్తారన్నది కూడా చూడాలి. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లిన సరుకు తూచి తీసుకుంటాడు. తగ్గితే కోత. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ నూలు గాల్లోని తేమను పీలుస్తుంది. మామూలు వాతావరణంలో నూరు గ్రాముల పొడి నూలు ఏడెనిమిది గ్రాముల తేమ పట్టుకుని ఉంటుంది, జడివానల రోజుల్లో అది ఇంకో మూడు నాలుగు గ్రాములు పెరుగుతుంది. శ్రావణంలో తూచి ఇచ్చిన దారం మాఘంలో సరుకై తిరిగొస్తే, ఎవరూ ఏమీ దొంగిలించకుండానే తూకం తగ్గుతుంది. కత్తిరించిన కొసల తరుగు దానికి తోడు. ఈ తరుగుకు వందకు అయిదు గ్రాములైనా మినహాయింపు ఇవ్వని చోట కోత పడేది అల్లినావిడకే. తూము చిన్నదిగా చేసి దొంగత్రాసు పట్టేవాళ్లను బైబిల్లో ఆమోసు గ్రంథం 8వ అధ్యాయం తిడుతుంది. ఇక్కడ త్రాసు సరైనదే, ఏజెంటు మోసగాడు కూడా కాకపోవచ్చు. తప్పు నిబంధనలో ఉంది. వ్యక్తుల పాపం గురించి గంటసేపు ప్రసంగించే మన పాస్టర్లు నిబంధనల పాపం దగ్గరికి అరుదుగా వస్తారు.

ముక్కకు ఇంత అనే పద్ధతిలో ఇంకో చిక్కుంది. చూపు మందగించిన మనిషి, చంటిబిడ్డ ఉన్న మనిషి నెమ్మదిగా అల్లుతారు. అదే పువ్వు, అంతే బాగుంటుంది, రోజుకు వచ్చేది మాత్రం సగం. మత్తయి సువార్త 20లో ద్రాక్షతోట యజమాని చివరి గంటకు వచ్చినవాడికీ పూర్తి దేనారమే ఇస్తాడు. దాన్ని రక్షణ గురించిన ఉపమానంగా మాత్రమే చెప్పి వదిలేయడం అలవాటైపోయింది. కానీ దేనారం అంటే ఒక కుటుంబం ఒక రోజు తినడానికి కావలసిన కూలి. గంటల లెక్కన నాలుగు పైసలు చేతిలో పెట్టి పంపితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని యజమానికి తెలుసు. చిన్న సహకార సంఘం అందరికీ సమానంగా ఇచ్చేస్తే నెలలో మూతపడుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు. మధ్యేమార్గం ఉంది. రోజుకు కనీసం ఇంత అని కట్టి, ఎక్కువ అల్లినవాళ్లకు దానిపైన ముక్క లెక్క ఇవ్వడం. కొనుగోలుదారు ముందుగా పెద్ద ఆర్డరు ఖాయం చేస్తేనే సంఘానికి అది సాధ్యమవుతుంది. అంటే బంతి చర్చి కోర్టులోనే ఉంది.

నరసాపురం క్రోషే లేసుకు 2024 మార్చిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, మిషన్ సరుకును ఈ పేరుతో అమ్మేవాళ్లకు అడ్డుకట్ట. కానీ చాలామంది కొనుగోలుదారులు ఆ ముద్ర చూసి కూలి కూడా సరిగ్గానే ఇచ్చి ఉంటారనుకుంటున్నారు. ఆ ముద్ర చెప్పేది సరుకు ఎక్కడిది, ఎలా చేసింది అన్నంతవరకే. కూలి గురించి అది ఒక్క మాట కూడా హామీ ఇవ్వదు. కూలి, పని పరిస్థితుల గురించి చెప్పేది ఫెయిర్ ట్రేడ్ (చేసినవాళ్లకు న్యాయమైన ధర దక్కాలనే వ్యాపార పద్ధతి) గుర్తింపు. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థకు పది సూత్రాలున్నాయి. హస్తకళల ఆర్డరుకు ఉత్పత్తిదారులు అడిగితే కనీసం సగం డబ్బు వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలన్నది అందులో భాగం. ఈ ఉద్యమానికి తొలి అడుగుల్లో ఒకటి కుట్టుపనే కావడం విశేషం. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే అమెరికన్ మెనోనైట్ (ఒక క్రైస్తవ శాఖ) ఆవిడ పోర్టోరికోలో పేద స్త్రీల కుట్టుపని చూసి, ఆ గుడ్డలు తెచ్చి కారు డిక్కీలో పెట్టుకుని తిరిగి అమ్మారు. అదే పెరిగి టెన్ థౌజండ్ విలేజెస్ అనే ఫెయిర్ ట్రేడ్ దుకాణాల సంస్థ అయింది. మెక్రేల్లాగే ఈవిడా సూది దారాలతోనే మొదలుపెట్టారు, తేడా బేరం దగ్గర ఉంది. కుట్టినవాళ్లకు న్యాయమైన డబ్బు ముట్టాలన్నదే ఈవిడ అమ్మకం ఉద్దేశం.

చర్చికి ఏది కొనాలి? పూర్తి లేసు బల్లగుడ్డ వద్దనే మా సలహా. ఆరడుగుల బల్లకు అది వారాల పని, బరువుకు నడుమ సాగుతుంది, కొవ్వొత్తి మైనం పడితే తియ్యడం నరకం. మంచి మందపాటి నూలు గుడ్డకు మూడంగుళాల లేసు అంచు కుట్టించుకుంటే అందమూ మన్నికా రెండూ దక్కుతాయి. బల్ల ముందువైపు 72 అంగుళాలు, రెండు పక్కలూ 30 చొప్పున, మొత్తం 132. మూలల దగ్గర ముడతకు పది శాతం కలిపితే నాలుగు గజాలు. గజానికి మూడున్నర గంటల చొప్పున 14 గంటలు, అంటే పావు తక్కువ రెండు రోజుల పని, పైన చెప్పిన కింది గీత ప్రకారం కూలి 537 రూపాయలు. అంచు కుట్టకముందే గుడ్డనీ లేసునీ విడివిడిగా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. రెండూ ఒకేలా కుంచించుకోవు, ఆ పని ముందు చెయ్యకపోతే మొదటి ఉతుకుకే అంచు ముడుచుకుపోయి గుడ్డ అలలు అలలుగా తేలుతుంది.

ఉతకడం గురించి రెండు మాటలు. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, పిండకూడదు. తువ్వాలులో చుట్టి నొక్కితే నీళ్లు దిగిపోతాయి. తీగ మీద వేలాడదీస్తే సాగుతుంది, చాప మీద పరిచి ఆరబెట్టాలి. గంజి పల్చగా పెట్టి, పువ్వులు కొంచెం తడిగా ఉండగానే తిరగేసి, కింద తువ్వాలు వేసి ఇస్త్రీ చెయ్యాలి. పసుపెక్కిందని బ్లీచింగు పోస్తే తెల్లబడుతుంది, ఏడాదికి పిగిలిపోతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు కాగితం మీద రాయాల్సినవి: కొలత, దారం నంబరు, నమూనా ముక్క, అతుకు రకం, ఎన్ని గంటల పనిగా లెక్కగట్టారు, అందులో అల్లినవాళ్లకు ఎంత. దుకాణం చివరి రెండూ చెప్పనంటే వేరే దుకాణం చూసుకోండి. సహకార సంఘాల్లో అడిగితే చెప్పే అవకాశం ఎక్కువ. మిగతా చోట్ల "అదంతా ఏజెంటు చూసుకుంటాడమ్మా" అన్న జవాబుకు సిద్ధపడండి. బేరమాడాలనిపిస్తే కొలత తగ్గించమనండి, డిజైను తేలిక చెయ్యమనండి, రేటు మాత్రం లాగొద్దు. లాగిన యాభై రూపాయలూ గొలుసులో చిట్టచివర ఉన్న మనిషి దగ్గర తెగుతాయి.

ఇక్కడ చర్చిలకే ఒక మార్కు తగ్గించాలి. కూలివాని కూలి మరునాటిదాకా ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13, పొద్దుగూకకముందే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండము 24:15. బిగపట్టిన కూలి "మొఱ్ఱపెట్టుచున్నది" అంటాడు యాకోబు. ఈ వాక్యాలు కంఠతా వచ్చినవాళ్లే సరుకు అందాక బిల్లును కోశాధికారికి, ఆయన కమిటీకి, కమిటీ వచ్చే నెల సమావేశానికి నెట్టేస్తారు. దుకాణం తన డబ్బు వచ్చాకే ఏజెంటుకు ఇస్తుంది, ఏజెంటు తనకు వచ్చాకే అల్లినవాళ్లకు ఇస్తాడు. బల్లగుడ్డ పండగ నాటికే పరిచేస్తారు, దాన్ని అల్లినావిడకు మాత్రం పండగ దాటిన రెండు నెలలకు డబ్బు. కాబట్టి సగం ఆర్డరుతో, మిగతా సగం సరుకు చేతికొచ్చిన రోజునే. తీర్మానం ఆర్డరుకు ముందే చేయించుకుని, చెక్కు రాసి కవరులో పెట్టుకుని కూర్చోవాలి.